లాబ్‌స్టర్ విందు: పెంకు ఎవరు ఒలుస్తారో తేలితే సాస్ సంగతీ తేలుతుంది

నలభై మందికి లాబ్‌స్టర్ పెట్టాలనుకున్నప్పుడు "ఎన్ని పౌండ్లు తేవాలి" అన్నది రెండో ప్రశ్న. మొదటిది, పెంకు ఎవరు ఒలుస్తారన్నది. తినేవాళ్ళే ఒలుచుకుంటారా, వంటింట్లో మీరు ఒలిచిపెడతారా, లేక ఒలిచిన కండే కొనుక్కొస్తారా? ఇది తేలితే ఏ సైజు కొనాలి, ఎంత గిన్నె కావాలి, వేడిగా పెట్టాలా చల్లగా పెట్టాలా, పక్కన కరిగిన వెన్నా మయొనైజా అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. ఇది తేల్చకుండా కొనేస్తే చివరికి చల్లారిన లాబ్‌స్టర్ పక్కన గడ్డకట్టిన వెన్న మిగులుతుంది.

ఇక్కడ చెప్పేది అమెరికా ఈశాన్య తీరంలో, మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల వైపు పట్టే లాబ్‌స్టర్ గురించి. ముందు రెండు పెద్ద పంజాలుండేది ఇదే. విశాఖ, కాకినాడ వైపు దొరికే ముళ్ళ లాబ్‌స్టర్‌కి అలాంటి పంజాలుండవు, కండంతా తోకలోనే. దానికి కింద తోకల గురించి రాసింది మాత్రం పనికొస్తుంది.

మనిషికొకటి చొప్పున మొత్తంగా పెట్టడం

చూడ్డానికి ఇంతకంటే పండగ ఇంకోటి ఉండదు. కానీ ఇది కూర్చుని తినే విందుకే. ఒక చేత్తో ప్లేటు పట్టుకుని పెరట్లో నిలబడి తినేవాళ్ళకి మొత్తం లాబ్‌స్టర్ ఇవ్వడమంటే శిక్ష వేసినట్టే. పాతిక మంది లోపు, అందరికీ కుర్చీ, బల్ల ఉండి, తీరిగ్గా గంటన్నర కూర్చుంటారంటే నిశ్చింతగా ఇదే ఎంచుకోండి. నలభై దాటితే మాత్రం వెనకాడాలి. ఎందుకో వండే దగ్గర తెలుస్తుంది.

సైజు విషయంలో పెద్దదానికి పోవద్దు. ఒకటింపావు పౌండు, అంటే సుమారు 570 గ్రాములది సరిపోతుంది. చేపల కొట్లలో దీన్ని 'క్వార్టర్' అంటారు. పౌండు దరిదాపుల్లో ఉండేదాన్ని 'చికెన్' అంటారు, ఫోన్లో ఆర్డరిచ్చేటప్పుడు తికమకపడకండి. ఒక పంజా ఊడిపోయినదాన్ని 'కల్' అంటారు. అది చవక, కండ తీసుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ ప్లేటులో అవిటిగా కనిపిస్తుంది. ఆర్డర్ "యాభై పౌండ్లు" అని కాకుండా "క్వార్టర్లు నలభై రెండు" అని ఇవ్వండి. పౌండ్లలో చెబితే చిన్నా పెద్దా కలిసి వస్తాయి. చిన్నది రబ్బరులా సాగే వేళకి పెద్దది లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ అదనపు రెండూ దారిలో చచ్చేవాటి కోసం.

చచ్చిన లాబ్‌స్టర్‌ని వండకూడదు. ప్రాణం పోగానే దాని జీర్ణరసాలు కండని లోపల్నుంచే మెత్తబరచడం మొదలెడతాయి, బ్యాక్టీరియా కూడా వేగంగా పెరుగుతుంది. పైకెత్తినప్పుడు తోక కిందికి ముడుచుకుంటే బతికున్నట్టు. తడి గుడ్డలా వేలాడితే పక్కన పడేయండి. తెచ్చాక తడిపిన న్యూస్‌పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు ఉంటాయి. కుళాయి నీళ్ళ తొట్లో వేయడం చాలామంది చేసే పొరపాటు. మంచినీళ్ళు వాటిని చంపేస్తాయి. కరిగే ఐసులో నేరుగా పడుకోబెట్టినా అంతే.

తినడం రానివాళ్ళు మీ బల్ల దగ్గర ఉంటారు, కాబట్టి ఎవరో ఒకరు ముందుగా ఒకటి ఒలిచి చూపించాలి. తోకని, ఒంటిని చెరో చేత్తో పట్టి వ్యతిరేక దిక్కుల్లో మెలిపెడితే విడిపోతాయి. లోపలి నుంచి వేడినీళ్ళు కారతాయి, అందుకే ఈ పని ప్లేటు మీద కాదు, గిన్నె మీద. తోక చివరి రెక్కల్ని వెనక్కి విరిచేసి, ఆ రంధ్రంలోంచి వేలితో నెడితే కండ ఒకే ముక్కగా ముందుకొస్తుంది. వీపు పొడుగునా నల్లటి నరంలా కనిపించేది పేగు, రొయ్యకి తీసినట్టే తీసేయాలి. ఇక పంజా. దాని చిన్న వేలుని అటూ ఇటూ మెల్లిగా కదిపి వెనక్కి లాగితే లోపలి పల్చటి బిళ్ళ కూడా దాంతోపాటే వస్తుంది. తొందరపడి విరిస్తే ఆ బిళ్ళ కండలోనే ఉండిపోయి పంటి కింద పడుతుంది. పంజాకి ఒంటికి మధ్యనున్న కణుపుల్లో కండ కొంచెమే అయినా అన్నిటికంటే తియ్యన. సన్న కాళ్ళని పారేయకండి. బల్ల మీద పెట్టి అప్పడాల కర్రతో ఒక కొస నుంచి ఇంకో కొసకి దొర్లిస్తే పేస్టు ట్యూబులోంచి వచ్చినట్టు కండ బయటికొస్తుంది. పిల్లలకి ఈ పని అప్పగిస్తే ఇంకేమీ అడగరు.

తలభాగంలో పచ్చగా ముద్దలా ఉండేది కాలేయం, క్లోమం కలిసిన భాగం. దాన్ని ఇష్టంగా తినేవాళ్ళున్నారు. కానీ సముద్రపు నాచులోంచి వచ్చే విషపదార్థాలు అందులో పేరుకుంటాయి. 2008లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని తినొద్దని హెచ్చరించింది. పెద్ద విందులో ఈ విషయం ముందే అందరికీ చెప్పేయండి. తెల్లటి కండకి ఆ ఇబ్బంది లేదు. ఆడదాంట్లో ఎర్రగా గట్టిగా కనిపించే గుడ్లు తినొచ్చు. అవే నల్లగా జిగురుగా ఉంటే ఇంకా ఉడకలేదని అర్థం.

గట్టి పెంకా, కొత్త పెంకా

లాబ్‌స్టర్ ఎదగడానికి పెంకు విడుస్తుంది. మెయిన్ తీరంలో వేసవిలో, జూలై నుంచి, మార్కెట్లోకి కొత్త పెంకువి ఎక్కువగా వస్తాయి. చేత్తో నొక్కితే పెంకు లోపలికి పోతుంది, ఒట్టి చేతులతోనే పగలగొట్టొచ్చు. కండ తియ్యగా, మెత్తగా ఉంటుంది. ధర తక్కువ. వీటిని చూసి మురిసిపోయేముందు ఒక లెక్క వేయండి.

గట్టి పెంకు లాబ్‌స్టర్‌లో బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కండ వస్తుంది. ఒకటింపావు పౌండుదాన్లో నాలుగైదు ఔన్సులన్నమాట (పౌండుకి పదహారు ఔన్సులు). కొత్త పెంకుదాంట్లో కొత్త పెంకుకీ ఇంకా ఎదగని కండకీ మధ్య నీళ్ళుంటాయి, అవీ తూకంలో పడతాయి. కండ మూడు ఔన్సులొస్తే గొప్ప. గట్టిదాంట్లో నూటికి 22 పాళ్ళు, కొత్తదాంట్లో 16 పాళ్ళు అనుకుందాం. కొత్త పెంకు ధర గట్టి పెంకు ధరలో ముప్పాతిక కంటే తక్కువుంటేనే మీకు లాభం. గట్టిది పౌండు 12 డాలర్లయితే కొత్తది 9 లోపు పడాలి. పదిన్నర అంటే చవకగా కనిపిస్తుంది కానీ నిజానికి నీళ్ళు కొంటున్నట్టే.

అతిథులే ఒలుచుకుంటారు, పనిముట్లు తక్కువున్నాయి, తీరానికి దగ్గర్లో ఉన్నారు అంటే కొత్త పెంకు మంచిది. న్యూజెర్సీ దాకో ఇంకా దూరమో తీసుకెళ్ళాలంటే గట్టి పెంకే తీసుకోండి. కొత్త పెంకువి ప్రయాణానికి తట్టుకోవు. వంటింట్లో మీరే కండ తీయాలన్నా గట్టిదే నయం. మెత్త కండ చెదిరిపోయి ముక్కలు అందంగా రావు.

ఉడకబెట్టాలా, ఆవిరి మీదా

పెద్ద విందుకి ఆవిరే. ఇందులో రెండో మాటకి చోటు తక్కువ. నీళ్ళలో మరిగించాలంటే ఒక్కో లాబ్‌స్టర్‌కి రెండున్నర లీటర్లు ఉండాలి, పన్నెండుకి ముప్ఫై లీటర్లవుతాయి. మామూలు ఇంటి పొయ్యి మీద అన్ని నీళ్ళు మరగడానికి గంటన్నర పైనే పడుతుంది. చల్లటి లాబ్‌స్టర్లు వేయగానే మరుగు ఆగిపోయి మళ్ళీ అందుకోవాలి. ఆవిరికైతే ఇడ్లీ పాత్ర అడుగున పోసినట్టు రెండంగుళాల నీళ్ళు, పైన చిల్లుల తట్ట, అంతే. ఆ కాసిని నీళ్ళు నిమిషాల్లో కాగుతాయి. కండ నీరు పట్టదు, పైగా ఒకట్రెండు నిమిషాలు ఆలస్యమైనా ముంచి ఉడికించినంత త్వరగా రబ్బరవదు. మరిగించడంలో ఉన్న సుఖం ఒక్కటే, అన్నివైపులా సమానంగా ఉడుకుతుంది. పది లోపు లాబ్‌స్టర్లకి, కండంతా తీసి చల్లగా పెట్టాలనుకుంటే అది మంచి పద్ధతి. అప్పుడు నీళ్ళు సముద్రమంత ఉప్పగా, లీటరుకి 30 నుంచి 35 గ్రాముల ఉప్పుతో ఉండాలి.

సమయాలు ఇవి. ఆవిరి మళ్ళీ మూత కింద నుంచి బలంగా తన్నుకొచ్చినప్పటి నుంచి లెక్క:

పౌండుది: ఆవిరిలో 10 నిమిషాలు, నీళ్ళలో 8
ఒకటింపావు: ఆవిరిలో 12, నీళ్ళలో 10
ఒకటిన్నర: ఆవిరిలో 14, నీళ్ళలో 12
రెండు పౌండ్లది: ఆవిరిలో 18, నీళ్ళలో 15

ఇవి ఒకే వరసలో పరిచినవాటికి. గిన్నెలో రెండు మూడు వరసలు పేరిస్తే ఇంకో మూడు నాలుగు నిమిషాలు వేసుకుని, సగంలో పొడుగు పటకారుతో పైవి కిందికి, కిందివి పైకి మార్చాలి. ఎర్రబడింది కదా అని దించేయకండి. వేడి తగలగానే పెంకు ప్రోటీన్ విడిపోయి లోపల దాగున్న ఎర్రరంగు బయటపడుతుంది. లోపల ఉడికినా ఉడక్కపోయినా పెంకు మాత్రం ఎర్రగానే ఉంటుంది. మీసం పీకి చూసే పద్ధతీ నమ్మదగింది కాదు. థర్మామీటరు తోక అడుగువైపు నుంచి గుచ్చి చూడండి. పెద్దవాళ్ళు, గర్భిణులు ఉన్న విందులో 145 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 63 సెల్సియస్, రావాలి. కండలో ఎక్కడా గాజులాంటి మెరుపు కనిపించకూడదు.

బిర్యానీ కోసం ఇప్పటికే పెరట్లో ప్రొపేన్ బర్నరు, 60 క్వార్టుల (సుమారు 57 లీటర్ల) డేగిసా ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళు అమెరికాలో చాలానే ఉన్నాయి. వాటితోనే ఈ పని అయిపోతుంది. బర్నరు చదునైన నేల మీద, ఇంటికి పదడుగుల దూరంలో ఉండాలి. గ్యారేజీలో, కప్పున్న డెక్ మీద వద్దు. అలాంటి గిన్నెలో ఒకసారికి పన్నెండుకి మించి వేయకండి. ఇరికిస్తే ఆవిరి తిరగదు. మూతేసి, మళ్ళీ ఆవిరి అందుకుని, ఉడికి, తీసేసరికి ఒక్కో వాయికి ఇరవై నిమిషాల పైనే. నలభైకి నాలుగు వాయిలు. మొదటి వాయి తిన్నవాళ్ళు చేతులు కడుక్కునే వేళకి చివరివాళ్ళకి అందుతుంది. రెండు బర్నర్లు, రెండు గిన్నెలు పెడితే రెండు వాయిల్లో అయిపోతుంది. ఒకటే గిన్నె ఉంటే మొత్తంగా పెట్టే ఆలోచన మానుకోండి.

ఇంకో దారి కూడా ఉంది, మొహమాటం లేనివాళ్ళకి అదే అన్నిటికంటే హాయి. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే ఆ ఈశాన్య రాష్ట్రాల్లో, చాలా చేపల కొట్లు, సూపర్‌మార్కెట్లు కొన్న లాబ్‌స్టర్లని అక్కడే ఆవిరి మీద ఉడికించి ఇస్తాయి. నలభై అంటే రెండు మూడు రోజుల ముందు చెప్పాలి. ఉడికినవాటిని టవళ్ళలో చుట్టి మంచి కూలర్లో పెడితే అరగంట, ముప్పావుగంట వేడిగా ఉంటాయి. ఆ కూలర్ పచ్చివి తెచ్చినది కాకూడదు. బతికున్న లాబ్‌స్టర్ల నీళ్ళలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా ఉడికినదాని మీదికి చేరేది ఇలాంటి చోటే. ఇంట్లో వండినా ఇదే నియమం: పచ్చివి పట్టిన తట్ట, పటకారు, బల్ల ఉడికినవాటికి వాడొద్దు.

మధ్యేమార్గం: వంటింట్లో కొట్టి పెట్టడం

ముప్ఫై మందిలో సగం మందికి లాబ్‌స్టర్ కొత్త అయితే ఇది ఎంచుకోండి. ఉడికినవాటిని బోర్లా పట్టుకుని తల దగ్గర కత్తి మొనతో చిన్న గాటు పెట్టి నీళ్ళు కారనివ్వాలి. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి పెద్ద కత్తితో తల నుంచి తోక దాకా రెండుగా చీల్చాలి. పంజాలని కత్తి వెనకవైపుతో ఒక్కొక్క దెబ్బ. ముక్కలైపోయేలా కాదు, పగులు ఇచ్చేలా. పేగు, పచ్చ ముద్ద అప్పుడే తీసేయొచ్చు. ఒక్కోటికి ఒక నిమిషం చొప్పున ఇద్దరుంటే పదిహేను ఇరవై నిమిషాల్లో ముప్ఫై అవుతాయి. పక్కన వేరే కూరలు ఉన్నాయంటే మనిషికి సగం లాబ్‌స్టరే చాలు, ఖర్చు కూడా సగమే. పోయేదల్లా వేడి. చీల్చినది పది నిమిషాల్లో చల్లారిపోతుంది, అందుకే వెన్న బాగా వేడిగా ఉండాలి.

తోకలు

గ్రిల్ చుట్టూ తిరిగే పార్టీకి తోకలే సరి. గడ్డకట్టించినవి దొరుకుతాయి, సైజులు సమానం, చావడం బతకడం గొడవ లేదు. 5-6 ఔన్సుల తోకలో మూడు నాలుగు ఔన్సుల కండ వస్తుంది.

ఇక్కడ మోసపోయేది ఒక్క చోటే. చల్లటి నీటి తోకలు వేరు, వెచ్చటి నీటి తోకలు వేరు. మెయిన్, కెనడా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌వి చల్లటి నీటివి: తెల్లగా, గట్టిగా, తియ్యగా ఉంటాయి. కరీబియన్, బ్రెజిల్, నికరాగువా వైపువి వెచ్చటి నీటివి: పెంకు మీద పసుపు చారలో మచ్చలో కనిపిస్తాయి, ధర తక్కువ. వాటిలో కొన్ని ఉడికాక పిండిలా అయిపోతాయి. అలాంటిది తగిలితే బాగుచేసే మార్గం లేదు. మసాలా పులుసుకి వెచ్చటి నీటివి వాడొచ్చు గానీ, ఉత్త వెన్నలో ముంచుకుని తినడానికి డబ్బు పెట్టేటప్పుడు ప్యాకెట్ మీద దేశం పేరు చదవండి. పైన మందంగా ఐసు పొర ఉంటే తూకంలో అదీ కలిసిందేమో చూసుకోండి.

ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి. వేడినీళ్ళలో వేస్తే బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. గ్రిల్ చేసేటప్పుడు కత్తెరతో నిలువునా చీల్చి, నూనె రాసి, కండవైపు రెండు నిమిషాలు, తిప్పి పెంకువైపు నాలుగైదు నిమిషాలు ఉంచాలి. వెన్న రాయడం పెంకువైపు తిప్పాకే. ముందే రాస్తే మంటల్లోకి కారి మసిపడుతుంది. ముడుచుకోకుండా నిలువునా ఒక పుల్ల గుచ్చితే చాలు.

ఒలిచిన కండ

యాభై మంది దాటితే, బఫే అయితే, సగం మంది పిల్లలైతే ఇంకేం ఆలోచించొద్దు. ఉడికించి ఒలిచిన కండ గడ్డకట్టించి రెండు పౌండ్ల ప్యాకెట్లుగా వస్తుంది. 'సీకే' అంటే పంజా, కణుపుల కండ. 'సీకేటీ' అంటే తోక కూడా కలిసినది. రోల్స్‌కి, అంటే బన్నులో కండ పెట్టి ఇచ్చేవాటికి, సీకే చాలు, ధర కూడా నయం. బతికున్నవి కొని మీరే ఒలిస్తే నాలుగున్నర, ఐదు పౌండ్లకి ఒక పౌండు కండ వస్తుంది, పైగా ఒక మధ్యాహ్నమంతా పోతుంది.

రోల్‌కి నాలుగు ఔన్సులు. నలభై రోల్స్‌కి పది పౌండ్లు, అంటే ఐదు ప్యాకెట్లు. భోజనంలో ఇంకా చాలా ఉంటే చిన్న రోల్ చేసి రెండు ఔన్సులకి దించొచ్చు. కనెటికట్ పద్ధతిలో వేడి వెన్నలో కండ వెచ్చచేసి బన్నులో పెడతారు. మెయిన్ పద్ధతిలో చల్లటి కండకి కొంచెం మయొనైజ్ పట్టిస్తారు, పౌండు కండకి పావు కప్పు మించకుండా. జనం ఎక్కువైతే మెయిన్ పద్ధతే నయం. వెన్నలో వెచ్చచేసిన కండ పొయ్యి మీద పది నిమిషాలు ఎక్కువుంటే బిగుసుకుపోతుంది. ఏదైనా సరే, ఫ్రిజ్‌లో ఒక రోజు కరగనిచ్చి, గుప్పిట్లో మెల్లిగా పిండి నీళ్ళు తీయాలి. ఇది మానేస్తే అరగంటలో బన్ను అడుగు నానిపోతుంది.

ఇక సాస్‌లు

సూత్రం ఒక్కటే: వేడి లాబ్‌స్టర్‌కి వేడి కొవ్వు, చల్లటి లాబ్‌స్టర్‌కి చల్లటి సాస్. వెన్న కొవ్వు ఒంటి వేడికి కొంచెం దిగువనే గడ్డకడుతుంది. చల్లటి కండ అందులో ముంచితే కొవ్వు అక్కడికక్కడే మైనంలా పేరుకుని అంగిలికి అతుక్కుంటుంది. మరోవైపు టమాటా కెచప్, ఘాటైన హార్స్‌ర్యాడిష్ దుంప తురుము వేసిన కాక్‌టెయిల్ సాస్ చల్లటి తోక ముక్కలకి బాగుంటుంది, వేడి వేడి లాబ్‌స్టర్ మీద మాత్రం దాని తీపినంతా మింగేస్తుంది.

వేడివాటిలో పోటీ మూడింటి మధ్య. తేర్చిన వెన్న, గిలకొట్టి చిక్కబరచిన వెన్న, మన నెయ్యి.

తేర్చిన వెన్న అంటే నీళ్ళు, పాలపదార్థం పోయి కొవ్వు మాత్రమే మిగిలినది. నెయ్యి కాచే చెయ్యికి ఇది కొత్తేమీ కాదు, ఒక్క మెట్టు ముందే ఆపాలి. సన్న సెగ మీద కరిగించి, పైన తేలే నురుగు తీసేసి, అడుగున తెల్లటి పదార్థం బంగారు రంగుకి తిరగకముందే దించి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. తేటగా ఉన్నది గరిటెతో తీసుకోవాలి. ఐదు పౌండ్లకి ఇంకో సులువు ఉంది: ముందు రోజు కరిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన బిళ్ళలా గడ్డకడుతుంది. బిళ్ళని ఎత్తి, కింద మిగిలిన తెల్ల నీళ్ళు పారబోయడమే. నాలుగు పాళ్ళ వెన్నకి మూడు పాళ్ళ తేట వస్తుంది. మనిషికి మూడు టేబుల్ స్పూన్లు అనుకుంటే నలభై మందికి ఏడున్నర కప్పులు. దానికి ఐదు పౌండ్ల వెన్న తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది.

నెయ్యి వేసేస్తే పోదా అంటే, ఎర్రగా కాచిన నెయ్యి వాసన లాబ్‌స్టర్ సున్నితమైన తీపి మీద కూర్చుంటుంది. ఉత్త లాబ్‌స్టర్‌కి నెయ్యి వద్దు. మసాలా వెన్నకి మాత్రం నెయ్యే గెలుస్తుంది, పోపు వాసనకి అది తట్టుకుంటుంది. రెండు కప్పుల నెయ్యికి పది పన్నెండు కరివేపాకులు (బాగా తుడిచి, లేకపోతే చిటపటలాడి మీద పడుతుంది), నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి నాలుగు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు మూడు టీస్పూన్లు. కరివేపాకు గలగలమనగానే దించి, సెగ తగ్గాక గుంటూరు కారం ఒక టీస్పూను వేయాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే కారం మాడి చేదొస్తుంది. ఇది గ్రిల్ చేసిన తోకలకి అద్భుతంగా ఉంటుంది. గోంగూర పచ్చడి పక్కన పెట్టాలన్న ఆశ ఉంటే అన్నం దగ్గర పెట్టండి. లాబ్‌స్టర్ దగ్గర పెడితే ఇక తినేది గోంగూరే.

గిలకొట్టిన వెన్న రుచిలో అన్నిటికంటే మిన్న. రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు మరిగించి, సెగ తగ్గించి, పౌండు చల్లటి వెన్న ముక్కల్ని ఒక్కొక్కటీ వేస్తూ గిలక్కొడితే పాలలా చిక్కగా వస్తుంది. కానీ 82 సెల్సియస్ దాటితే విరిగిపోతుంది, చల్లారితే గడ్డకడుతుంది. పన్నెండు మంది విందుకి చేయండి. నలభై మందికి ఇది తలనొప్పి. తేర్చిన వెన్నలో విరగడానికి ఏమీ ఉండదు కాబట్టే పెద్ద విందుకి అది నిలబడుతుంది.

ఉప్పు విషయంలో చిన్న చిక్కుంది. ఉప్పు కొవ్వులో కరగదు. తేర్చిన వెన్నలో ఉప్పు వేస్తే అడుక్కి చేరి, చివరివాళ్ళకి ఉప్పుగడ్డ తగులుతుంది. ఉప్పు వెన్న కొని తేర్చినా ఉప్పు నీళ్ళతోనే పోతుంది. అందుకని ఉప్పు లాబ్‌స్టర్ ఉడికే నీళ్ళలో వేసి, బల్ల మీద నిమ్మచెక్కతో పాటు ఉప్పు గిన్నె పెట్టండి. మనిషికి అర నిమ్మకాయ. నిమ్మరసం ముందే వెన్నలో కలపొద్దు, అదీ అడుక్కే పోతుంది.

వెల్లుల్లి వెన్న చేస్తే ఆ రోజే చేసి ఆ రోజే అయిపోగొట్టండి. గాలి తగలని కొవ్వులో వెల్లుల్లి మామూలు వేడిలో నిలవుంటే బోట్యులిజం అనే విషాహార జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగడానికి వీలుంటుంది. బయట రెండు గంటలు దాటనివ్వొద్దు.

వెన్న వేడిగా ఉంచడానికి స్టీలు ఫ్లాస్కు దొరికితే ఇంకేం అక్కర్లేదు. ముందు వేడినీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి, వంపేసి, వెన్న నింపండి. బల్ల మీద ఇద్దరికొక చిన్న పింగాణీ గిన్నె, సగమే నింపి, చల్లారగానే మళ్ళీ పోయడం. పల్చటి ప్లాస్టిక్ కప్పులు వేడికి మెత్తబడతాయి.

చల్లటి వాటిలో మయొనైజ్‌దే పైచేయి. రెండు కప్పులకి మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర. మనిషికి రెండు టేబుల్ స్పూన్లు, నలభైకి ఐదు కప్పులు. గిన్నెని ఐసు పళ్ళెంలో కూర్చోబెట్టండి. ఎండ 90 ఫారెన్‌హీట్ దాటిన రోజున ఐసు లేకుండా గంటకి మించి ఉంచొద్దు. గుడ్డు తిననివాళ్ళకి వడకట్టిన పెరుగుతో ఇదే చేయొచ్చు. ఉప్పు మాత్రం వడ్డించే ముందే, లేకపోతే నీళ్ళు ఊరతాయి. కాక్‌టెయిల్ సాస్‌లో వేసే వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది, శాకాహారుల వైపు పెట్టకండి.

ఏ రోజు, ఎవరెవరు

తెలుగువాళ్ళ విందుకి శనివారం పెట్టుకుంటే సగం మంది వెంకన్న పేరు చెప్పి పప్పన్నమే తింటారు. లాబ్‌స్టర్లు చవకయ్యే జూలై, ఆగస్టులోనే శ్రావణం వస్తుంది, పిలిచేముందు పంచాంగం ఒకసారి చూడండి. ఆదివారం పెట్టుకుంటే సరుకు శనివారమే తెచ్చుకోండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా మెయిన్‌లో శనివారం సాయంత్రం 4 గంటల నుంచి సోమవారం తెల్లవారే దాకా లాబ్‌స్టర్ బోనులు ఎత్తడం చట్టవిరుద్ధం. ఆ నెలల్లో ఆదివారం అక్కడ దొరికేది ముందురోజుదో, అంతకు ముందుదో.

మొక్కజొన్న, బంగాళదుంపలు లాబ్‌స్టర్ గిన్నెలోనే ఉడికించడం అక్కడి అలవాటు. శాకాహారులుంటే వాళ్ళవి వేరే గిన్నెలో, ముందుగా ఉడికించండి. రొయ్యలు పడనివాళ్ళకి లాబ్‌స్టర్ కూడా దాదాపుగా పడదు, ఆవిరి పీల్చినా కొందరికి ఇబ్బంది వస్తుంది. వండే చోటు వాళ్ళు కూర్చునే చోటికి దూరంగా ఉండాలి.

ఇద్దరికొక పగలగొట్టే పటకారు, ప్రతి నలుగురికీ పెంకులు వేసుకోవడానికో గిన్నె, బల్ల మీద మందపాటి కాగితం, చేతికి నిమ్మనీళ్ళ తువ్వాళ్ళు. పెంకుల్ని చెత్తబుట్టలో వేసి వదిలేస్తే వేసవిలో మర్నాటికి వీధంతా వాసన. రెండు సంచుల్లో కట్టి, చెత్త బండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్లో ఉంచండి. తలలు, కాళ్ళు మాత్రం పది పన్నెండు పక్కన పెట్టి, ఉల్లిపాయతో అరగంట మరిగించి వడకడితే మంచి రసం వస్తుంది, అన్నం ఉడకడానికి నీళ్ళకి బదులు అది పోసుకోవచ్చు.